ఒకే స్టేషన్.. రెండు రైళ్లు: ఒక పనికి కూలీ పెరిగితే ఇంకో పనికి ఎందుకు పెరగదు?

2020 మే 1. లాక్‌డౌన్ మొదలై ఐదు వారాలు దాటింది. ఇంకా తెల్లవారలేదు. హైదరాబాద్ శివార్లలోని లింగంపల్లి స్టేషన్ నుంచి సుమారు 1200 మంది వలస కూలీలతో ఒక రైలు జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. దేశంలో నడిచిన మొట్టమొదటి శ్రామిక్ స్పెషల్ అదే. అందులో చాలామంది సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాలు కడుతున్నవాళ్లు. పని ఆగింది, కూలీ ఆగింది. ఇంటికి పంపమని రెండు రోజుల ముందే వాళ్లు రోడ్డెక్కారు.

వారం తిరిగేసరికి అదే లింగంపల్లికి ఇంకో రైలు వచ్చింది. ఇది ఎదురు దిక్కు నుంచి వచ్చిన బండి. బిహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందల మందికి పైగా కూలీలు దిగారు. వాళ్లు తెలంగాణ రైస్ మిల్లుల్లో హమాలీ పనికి వచ్చినవాళ్లు. ప్రభుత్వ పెద్దలు స్టేషన్‌కు వెళ్లి పూలు ఇచ్చి మరీ స్వాగతం పలికారు.

రెండు రైళ్లలో ఉన్నదీ కూలీలే. ఇద్దరిదీ బరువులు మోసే పనే. ఒకరు సిమెంట్ బస్తా మోస్తే, ఇంకొకరు వడ్ల బస్తా మోస్తారు. కానీ ఆ వారం ఒకరికి ఇక్కడ చోటు లేదు, ఇంకొకరిని పిలిచి తెచ్చుకున్నారు. కారణం చిన్నదే. బిల్డింగులు ఆగిపోయాయి, యాసంగి వడ్లు మాత్రం కల్లాల్లో గుట్టలుగా పడి ఉన్నాయి. మిల్లుల్లో బస్తా దించే మనిషి లేకపోతే లారీలు కదలవు, లారీలు కదలకపోతే రైతు దగ్గర కొనుగోలు ఆగిపోతుంది.

ఒక రంగంలో కూలీ ఎందుకు పెరుగుతుంది, పక్క రంగంలో ఎందుకు పెరగదు అనే ప్రశ్నకు జవాబు మొదలయ్యేది ఇక్కడే. ఎంత కష్టపడుతున్నాం, ఎంత బాగా చేస్తున్నాం అన్నది ఒక్కటే కూలీని తేల్చదు. ఆ పనితో తయారయ్యే సరుకు ఎంతమందికి కావాలి, ఆ పని చేసేవాళ్లు ఎంతమంది ఉన్నారు, పని నచ్చకపోతే ఇంకో దారిలోకి వెళ్లగలరా, ఈ మూడూ కలిసి తేలుస్తాయి.

పనికి గిరాకీ ఎక్కడి నుంచి వస్తుంది?

మేస్త్రీని ఎవరూ ఊరికే పిలవరు. ఇల్లు కావాలి కాబట్టి పిలుస్తారు. దర్జీ దగ్గరికి ఎవరూ ఊరికే వెళ్లరు. బట్టలు కుట్టించుకోవాలి కాబట్టి వెళ్తారు. అంటే పనికి ఉండే గిరాకీ సొంత గిరాకీ కాదు, సరుకు నుంచి వచ్చే గిరాకీ. సరుకు అమ్ముడుపోయినంత కాలం పనివాడికి విలువ. సరుకు ఆగితే విలువ ఆగుతుంది.

పాతబస్తీలో దీన్ని ఏటా చూడొచ్చు. రంజాన్ సగం గడిచేసరికి దర్జీలు కొత్త ఆర్డర్లు తీసుకోవడం మానేస్తారు. రాత్రంతా మిషన్లు ఆడతాయి. పండుగ అయిపోయిన వారానికి అదే షాపులో చేతులు ఖాళీ. హలీం బట్టీల దగ్గరా అంతే. పెద్ద దేగ్‌ల ముందు గంటల తరబడి నిలబడి కర్రలతో దంచేవాళ్లకు, రుచి తెలిసిన వంట ఉస్తాద్‌లకు ఆ ఒక్క నెల ఉన్నంత డిమాండ్ మిగతా పదకొండు నెలలు ఉండదు. పెళ్లిళ్ల సీజన్‌లో మగ్గం వర్క్ కార్ఖానాలూ ఇదే లెక్కన నడుస్తాయి.

ఆధునిక ఆర్థిక శాస్త్రం పుట్టడానికి కొన్ని వందల ఏళ్ల ముందే ఒక పండితుడు ఈ సంగతి రాసిపెట్టాడు. 1332లో ట్యునీస్‌లో పుట్టిన ఇబ్న్ ఖల్దూన్ 1377లో తన ‘ముఖద్దిమా’ రాశాడు. పెద్ద నగరాల్లో చేతిపనివాళ్ల కూలీ ఎందుకు ఎక్కువ ఉంటుందో అందులో మూడు కారణాలు చెప్పాడు. మొదటిది, సుఖాలకు అలవాటుపడ్డ నగరంలో ఆ పనుల అవసరం ఎక్కువ. రెండోది, తిండికి ఇబ్బంది లేని చోట పనివాడు తన పనిని తక్కువకు ఇవ్వడు. మూడోది, డబ్బున్నవాళ్లు ఎక్కువైతే పనివాళ్ల కోసం ఒకరితో ఒకరు పోటీపడి ఎక్కువ ఇస్తారు. గిరాకీ ఉన్న విద్యను జనం నేర్చుకుంటారని, గిరాకీ పోయిన విద్యను వదిలేస్తారని కూడా ఆయనే చెప్పాడు.

ఇందులో రెండో కారణాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఈ పని కాకపోయినా పూట గడుస్తుందన్న ధీమా ఉన్న పనివాడే బేరం ఆడగలడు.

గిరాకీ పోతే: చత్తా బజార్ కాతిబులు

గిరాకీ తగ్గడం అంటే ఏంటో చూడాలంటే చత్తా బజార్ కథ చాలు. ఉర్దూ రాతకు వాడే నస్తాలీఖ్ లిపి ఏటవాలుగా దిగుతుంది. ఒక అక్షరం రూపం పక్క అక్షరాన్ని బట్టి మారుతుంది. లోహపు అచ్చుల్లో అది ఇమడలేదు. అందుకే ఇంగ్లిష్, తెలుగు పేపర్లు అచ్చు అక్షరాలతో వస్తున్న రోజుల్లో కూడా ఉర్దూ పత్రికలకు కాతిబులే దిక్కు. పేపర్లోని ప్రతి వార్తా, ప్రతి హెడ్డింగూ ఒక మనిషి కలంతో రాయాల్సిందే. ఒక మంచి కాతిబ్ తయారు కావడానికి ఉస్తాద్ దగ్గర ఏళ్లు పట్టేది. అంత తొందరగా తయారుకాని మనిషికి సహజంగానే మర్యాద, మజూరీ రెండూ ఉండేవి.

1981లో లాహోర్‌లో ‘జంగ్’ పత్రిక ‘నూరీ నస్తాలీఖ్’ అనే కంప్యూటర్ అక్షరాలతో వచ్చింది. 1994లో మన దేశంలోనే తయారైన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ మార్కెట్లోకి వచ్చింది. ఆ తర్వాత పత్రికల ఆఫీసుల్లో కాతిబుల వరుసలు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. కాతిబ్ చెయ్యి ఏమీ వణకలేదు, అక్షరం అందం ఏమీ తగ్గలేదు. ఉర్దూ పేపర్ చదివేవాళ్లు కూడా మాయం కాలేదు. పేపర్ తయారు చేయడానికి కావాల్సిన పని కలం నుంచి కీబోర్డుకు మారింది, అంతే.

వయసులో ఉన్నవాళ్లు కొందరు కంప్యూటర్ నేర్చుకున్నారు. వయసు మీరినవాళ్లు పెళ్లి కార్డులకు, సైన్‌బోర్డులకు పరిమితమయ్యారు. ఒకే ఉస్తాద్ దగ్గర నేర్చుకున్న ఇద్దరి సంపాదన మధ్య తేడా వచ్చింది. ఆ తేడా చేతిపనిలోంచి వచ్చింది కాదు, కొత్త పనిలోకి మారగలిగిన వాడికి, మారలేని వాడికి మధ్య వచ్చింది.

గిరాకీ పెరిగితే: గల్ఫ్ దారి

ఇప్పుడు దీనికి ఎదురు కథ. 1973 అక్టోబర్ యుద్ధం తర్వాత అరబ్ దేశాలు చమురు సరఫరా బిగించాయి. పీపా ధర మూడు డాలర్ల దగ్గర నుంచి 1974 మొదట్లోకి పన్నెండు డాలర్ల దాకా ఎగబాకింది. గల్ఫ్ దేశాల చేతికి ఒక్కసారిగా డబ్బు వచ్చింది. రోడ్లు, ఓడరేవులు, ఆస్పత్రులు, ఇళ్లు, అన్నీ ఒకేసారి కట్టాలి. కట్టడానికి అక్కడి జనం సరిపోరు. మేస్త్రీలు, వడ్రంగులు, సెంట్రింగ్ పనివాళ్లు, డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లు కావాలి.

కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి, హైదరాబాద్ పాతబస్తీ నుంచి, అరబ్ మూలాలున్న బార్కాస్ నుంచి వేలమంది బయల్దేరారు. అదే తాపీ, అదే మనిషి. ఇక్కడ ఇటుక పేరిస్తే ఒక కూలీ, అక్కడ పేరిస్తే దానికి కొన్ని రెట్లు.

వెళ్లినవాళ్ల సంపాదన అందరికీ కనిపించింది. పెద్దగా ఎవరూ గమనించనిది, ఉండిపోయిన వాళ్ల సంగతి. ఊళ్లో పది మంది మేస్త్రీల్లో నలుగురు దుబాయ్ వెళ్తే మిగిలిన ఆరుగురికి పని ఎక్కువవుతుంది. పైగా దుబాయ్ నుంచి వచ్చిన డబ్బుతో ఊళ్లో కొత్త ఇళ్లు లేస్తాయి. అంటే ఒకపక్క మేస్త్రీలు తగ్గారు, ఇంకోపక్క మేస్త్రీలతో పని పెరిగింది. ఉన్నవాళ్ల కూలీ పెరగక తప్పదు.

కూలీ పెరిగిన చోటికి కూలీలు వస్తారు. పాలమూరు కూలీలు ఎప్పటి నుంచో దేశమంతా తిరిగి ప్రాజెక్టులు, కాలువలు కట్టినవాళ్లే. తర్వాత ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు, బిహార్ నుంచి రైస్ మిల్లులకు జనం రావడం మొదలైంది. కరీంనగర్ మనిషి గల్ఫ్‌లో, బిహార్ మనిషి కరీంనగర్‌లో. కొత్తవాళ్లు వచ్చి చేరేకొద్దీ కూలీ పెరిగే వేగం తగ్గుతుంది. లెక్క ప్రకారం తేడాలు ఇలాగే మెల్లగా పూడిపోవాలి. తక్కువ కూలీ ఉన్న పని వదిలి జనం ఎక్కువ కూలీ ఉన్న పనిలోకి వెళ్తుంటే, ఇక్కడ కూలీ పెరిగి అక్కడ తగ్గి, రెండూ ఒకచోట కలవాలి.

కూలీ పెరిగితే మిషన్ వస్తుంది

అయితే పనివాడి కూలీ పెరిగినప్పుడు యజమాని ఊరుకోడు. వేరే దారి వెతుకుతాడు. ఆ దారి దొరికే పనికి ఒక గతి, దొరకని పనికి ఇంకో గతి.

వరి సాగులోనే చూడండి. ఒకప్పుడు కోత అంటే ఊరంతా పొలంలో ఉండేది. కూలీ రేట్లు పెరిగాక, కూలీలు దొరకడం కష్టమయ్యాక హార్వెస్టర్లు దిగాయి. ఇప్పుడు తెలంగాణలో వరి కోత అంటే చాలాచోట్ల మిషనే. కొడవలి పట్టిన కూలీకి గిరాకీ పోయింది. కానీ నాట్లు వేయడం ఇంకా ఎక్కువగా చేత్తోనే నడుస్తోంది. అందుకే నాట్ల సీజన్ వస్తే రైతు కూలీల కోసం పక్క ఊరికి ఆటో పంపిస్తాడు. ఈమధ్య కొన్ని జిల్లాలకు ఉత్తరాది నుంచి కూడా నాట్ల ముఠాలు వస్తున్నాయి.

ఒకే పొలం, ఒకే పంట. మిషన్ వచ్చిన పనిలో కూలీకి బేరమాడే బలం పోయింది, మిషన్ సరిగ్గా కుదరని పనిలో ఇంకా ఉంది. కాతిబ్ విషయంలో జరిగిందీ ఇదే. పని ఎంత కష్టమైనదన్నది మిషన్‌కు పట్టదు. దాన్ని మిషన్‌తో చేయించడం ఎంత సులువన్నదే లెక్క.

సెలూన్ రేటు ఎందుకు పెరిగింది?

మిషన్ రాని పనుల్లో ఇంకో వింత ఉంది. ఇరవై ఏళ్ల కింద ఒక మనిషికి కటింగ్ చేయడానికి ఎంతసేపు పట్టేదో ఇప్పుడూ దాదాపు అంతే పడుతుంది. కత్తెర అదే, కుర్చీ అదే. గంటకు చేసే తలలు పెరగలేదు. మరి కటింగ్ రేటు ఎన్నో రెట్లు ఎందుకు పెరిగింది? సరుకుల ధరలు, షాపు అద్దె పెరగడం కొంత కారణం. మిగతా కారణం సెలూన్ బయట ఉంది.

హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు ఐటీ కంపెనీలు వచ్చాయి. ఒక్కో ఉద్యోగి కంపెనీకి తెచ్చిపెట్టే డబ్బు ఎక్కువ కాబట్టి జీతాలూ ఎక్కువ. ఆ జీతాలతో క్యాబ్ డ్రైవర్లు, వంటమనుషులు, సెక్యూరిటీ గార్డులు, డెలివరీ బాయ్‌లు కావాల్సి వచ్చింది. సెలూన్‌లో పనిచేసే కుర్రాడికి ఇప్పుడు బైక్ ఎక్కి ఆర్డర్లు మోసే దారి కూడా ఉంది. అతన్ని షాపులో నిలబెట్టుకోవాలంటే యజమాని అంతకు తగ్గట్టు ఇవ్వాలి. ఆ భారం కటింగ్ రేటులో కలుస్తుంది. అమెరికా ఆర్థికవేత్తలు బౌమోల్, బోవెన్ 1966లో నాటకాలు, సంగీత కచేరీల ఖర్చుల మీద రాసిన పుస్తకంలో చెప్పింది ఈ సంగతే. ఒక రంగం ముందుకు దూసుకుపోతే, దానితో సంబంధం లేని పని కూడా వెంట నడవక తప్పదు. లేకపోతే ఆ పని చేసే మనిషే మిగలడు.

ఇక్కడ ఒక్క షరతు ఉంది. ఆ పని వదిలి పోయే దారి మనిషికి ఉండాలి. ఆ దారి లేని చోట ఈ సూత్రం పనిచేయదు.

తేడా పూడని చోటు: బీడీల చాట

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ల బతుకు ఇందుకు సాక్ష్యం. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. పని ఇంట్లోనే. పిల్లల్ని చూసుకుంటూ, వంట చేసుకుంటూ చుట్టొచ్చు. అందుకే ముస్లిం ఇళ్లలోనూ, హిందూ ఇళ్లలోనూ తరతరాలుగా అమ్మ నుంచి బిడ్డకు ఈ పని వచ్చింది.

బీడీకి గిరాకీ తగ్గుతూ వస్తోంది. 2003లో పొగాకు నియంత్రణ చట్టం వచ్చింది. 2016 ఏప్రిల్ నుంచి ప్యాకెట్ మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలన్నారు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు బీడీని 28 శాతం పన్నులో పెట్టారు. జనం ఆరోగ్యం దృష్ట్యా పొగాకును కట్టడి చేయడాన్ని తప్పుపట్టలేం. ఆ దుమ్ము పీల్చి దగ్గుతో బాధపడేది కూడా ఈ ఆడవాళ్లే. కానీ గిరాకీ తగ్గిన భారం మొదట దిగింది ఎవరి చాటలోకో చూడాలి.

వెయ్యి బీడీల రేటు యూనియన్లు, యాజమాన్యాల ఒప్పందాల మీద నడుస్తుంది. ఒకసారి రాసుకున్న రేటును అంత తేలిగ్గా తగ్గించలేరు. అందుకని కోత ఇంకో రూపంలో వచ్చింది. నెలంతా ఇచ్చే ఆకు కొన్ని రోజులకే ఇస్తున్నారు. కాగితం మీద కూలీ తగ్గలేదు, ఇంటికి వచ్చే డబ్బు తగ్గింది. ఏ రంగంలోనైనా కూలీ పోల్చేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు. రోజు కూలీ ఎంత అని అడిగితే సగం లెక్కే తెలుస్తుంది. నెలకు ఎన్ని రోజులు పని అని కూడా అడిగితేనే లెక్క పూర్తవుతుంది.

సూత్రం ప్రకారమైతే ఈ ఆడవాళ్లు బీడీలు వదిలి ఇంకో పనికి వెళ్లాలి. ఎక్కడికి వెళ్లాలి? ఊరు దాటాలంటే పిల్లల్ని ఎవరు చూస్తారు? కుట్టు మిషన్ నేర్చుకోవాలంటే నేర్చుకునే నెలలు ఇల్లు ఎలా గడుస్తుంది? ఆకు ఇచ్చేది ఊళ్లో ఒకే కమీషన్‌దారు అయితే, చుట్టిన బీడీల్లో ఇన్ని ‘ఛాట్’ కింద పోయాయని పక్కన పడేసినా ఎవరితో చెప్పుకోవాలి? పని ఇచ్చేవాడు ఒక్కడే, పని అడిగేవాళ్లు వందమంది అయితే బేరం ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలనెలా ఆసరా పింఛను ఇవ్వడం మొదలుపెట్టిందంటే, ఆ పని ఒక్కటే కుటుంబాన్ని నిలబెట్టలేకపోతోందని ఒప్పుకున్నట్టే.

పాతబస్తీ గల్లీల్లోనూ ఇలాంటి గోడలున్నాయి. లాడ్ బజార్‌లో మెరిసే లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. గాజు పేరు పెరిగింది. కానీ వేడి లక్క మీద ఒక్కో రాయి పొదిగే చేతికి ఆ విలువలో ఎంత చేరుతుందన్నది వేరే ప్రశ్న. గాజు మీద ఎక్కువ మిగిలినా, పనివాళ్లకు వేరే దారి లేకపోతే, కార్ఖానాదారుకు కూలీ పెంచాల్సిన ఒత్తిడి రాదు. 2015 జనవరిలో పోలీసులు పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి బిహార్ పిల్లల్ని పెద్ద సంఖ్యలో విడిపించారు. బడిలో ఉండాల్సిన ఆ పిల్లలు చీకటి గదుల్లో కూర్చుని గాజులు చేస్తున్నారు. బేరమాడలేని చెయ్యి దొరికినప్పుడు కొందరు దాన్నే వెతుక్కుంటారని ఆ రోజు తెలిసింది.

ఇంకో దారి తెరిస్తే ఏమవుతుంది?

గోడలో ఒక తలుపు తెరిచినా కూలీ కదులుతుంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆడా మగా తేడా లేకుండా ఒకే రేటు అన్నది అందులో నియమం. అప్పటిదాకా పొలం పనిలో ఆడవాళ్లకు మగవాళ్ల కన్నా తక్కువ ఇవ్వడం ఆనవాయితీ. పథకం బాగా నడిచిన చోట, ముఖ్యంగా పొలం పనులు లేని నెలల్లో, ప్రైవేటు కూలీ రేట్లు కూడా పెరిగాయని పరిశోధనలు చెప్పాయి. కూలీలు దొరకడం లేదని రైతులు మొత్తుకున్నదీ అందుకే. చెరువు మట్టి పని దొరుకుతుందన్న భరోసాతో పొలం పనికి బేరమాడే ధైర్యం వచ్చింది. ఇబ్న్ ఖల్దూన్ చెప్పిన రెండో కారణం ఇదే.

కనీస వేతనం ఇంకో రకం తలుపు. గిరాకీ పడిపోయినప్పుడు కూలీ ఇంతకన్నా కిందికి పోకూడదని అడ్డుగా నిలిచేది అదే. దీని విలువ గల్ఫ్ కార్మికులకు కరోనా కాలంలో తెలిసొచ్చింది. గల్ఫ్‌కు వెళ్లే భారతీయ కార్మికులకు కనీసం ఇంత జీతం ఉండాలని కేంద్రం దేశాలవారీగా ఒక మొత్తం నిర్ణయిస్తుంది. 2020 సెప్టెంబర్‌లో దాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. జీతం ఎక్కువ అడిగితే బంగ్లాదేశ్, నేపాల్ లాంటి దేశాల వాళ్లకు ఉద్యోగాలు పోతాయన్నది ప్రభుత్వ వాదన. ఆ వాదనలో అర్థం లేకపోలేదు. గిరాకీ తగ్గినప్పుడు ధర దించితేనే సరుకు కదులుతుందన్న లెక్క అది. కానీ ఒకసారి దిగిన జీతం గిరాకీ తిరిగొచ్చాక దానంతట అది పైకి లేవదు. తెలంగాణ గల్ఫ్ కార్మిక సంఘాలు ఆందోళన చేశాయి, హైకోర్టు మెట్లెక్కాయి. 2021లో కేంద్రం పాత మొత్తాలనే పునరుద్ధరించింది. అదే ఏడాది మార్చిలో ఖతార్, ఏ దేశం వాళ్లనే తేడా లేకుండా, ఇంటి పనివాళ్లతో సహా అందరికీ నెలకు కనీసం 1000 రియాళ్లు ఇవ్వాలని చట్టం అమల్లోకి తెచ్చింది.

ఈ రోజు రేటు, రేపటి అప్పు

ఇదంతా ఇంట్లో కూర్చుని నిర్ణయాలు తీసుకునే అమ్మానాన్నలకు ఎందుకు? ఎందుకంటే అప్పు చేసేది, కోర్సులో చేర్పించేది ఈ రోజు రేటు చూసి. సంపాదన వచ్చేది రేపటి గిరాకీ మీద.

2014 జూన్‌లో పీపా చమురు 110 డాలర్లు దాటింది. 2016 జనవరికి 30 డాలర్ల కిందికి పడింది. మంచి రోజుల్లో ఏజెంటుకు కట్టిన డబ్బు వడ్డీతో సహా అలాగే ఉంది, అక్కడ పనులు మాత్రం ఆగాయి. 2017 జూలైలో సౌదీ అరేబియా, కుటుంబంలో ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ల ఫీజు పెట్టి, ఏటా మరో వంద చొప్పున పెంచుతూ 2020కి 400 చేసింది. జీతం కాగితం మీద తగ్గకపోయినా చేతిలో మిగిలేది తగ్గింది. ఎన్నో కుటుంబాలు హైదరాబాద్ తిరిగొచ్చాయి. పిల్లల స్కూళ్లు, ఇంటి అద్దెలు, అన్నీ మళ్లీ మొదటి నుంచి.

చదువులోనూ ఇదే తిరకాసు. కంప్యూటర్ సైన్స్‌కు జీతాలు బాగున్నాయని అందరూ అటే పరుగెత్తారు. సివిల్, మెకానికల్ సీట్లు తగ్గిపోయాయి. నాలుగేళ్ల తర్వాత ఆ వేలమంది ఒకేసారి బయటికొస్తారు. అప్పటికి గిరాకీ అలాగే ఉంటే సరే. కంపెనీలు చేతులు బిగిస్తే, అదే డిగ్రీ ఉన్నవాళ్లు ఎక్కువై జీతం అక్కడే ఆగిపోతుంది. పట్టించుకోని ఎలక్ట్రీషియన్, ఏసీ మెకానిక్ పనుల్లో మనుషులు దొరక్క వాళ్ల రేటు ఈలోపు పెరిగి కూర్చోవచ్చు.

అందుకే ఒక పనిని ఎంచుకునేటప్పుడు జీతం ఎంత అన్న ప్రశ్న పక్కనే ఇంకో నాలుగు ప్రశ్నలు పెట్టుకోవడం మేలు. ఈ పనితో తయారయ్యేది ఎవరు కొంటున్నారు, వాళ్ల చేతిలో డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? ఏడాదిలో ఎన్ని రోజులు పని ఉంటుంది? మిషన్ దీన్ని తేలిగ్గా లాక్కోగలదా? ఈ పని పోతే ఇదే నైపుణ్యంతో ఇంకెక్కడైనా బతకగలమా? నాలుగో ప్రశ్నకు జవాబు ఉన్నవాళ్లే యజమాని ముందు నోరు తెరిచి అడగగలరు.

ప్రభుత్వం వేసుకోవాల్సిన ప్రశ్న కూడా ఇదే. ఒక రంగం మూతపడే దారిలో ఉందని తెలిసినప్పుడు, అందులో ఉన్నవాళ్లకు పింఛనుతో పాటు ఇంటికి దగ్గర్లో ఇంకో పని, నేర్చుకునే నెలల్లో భత్యం, పిల్లల్ని చూసుకునే చోటు కావాలి. అవి లేకుండా పని మార్చుకోండి అని చెప్పడం, మెట్లు లేని మేడ చూపించి ఎక్కమన్నట్టే.

లింగంపల్లి నుంచి హటియా వెళ్లిన రైలు కథకు ఒక కొసమెరుపు ఉంది. లాక్‌డౌన్ సడలి నిర్మాణ పనులు మళ్లీ మొదలయ్యేసరికి హైదరాబాద్ బిల్డర్లకు పనివాళ్లు దొరకలేదు. ఊళ్లకు వెళ్లిపోయినవాళ్లకు ఫోన్లు చేశారు, అడ్వాన్సులు పంపారు. కొన్ని కంపెనీలు విమానం టికెట్లు కూడా కొనిచ్చాయి. కొన్ని వారాల ముందు ఇంటికి పోతామని రోడ్డెక్కినవాళ్లూ, విమానంలో తిరిగొచ్చినవాళ్లూ ఒకే పని చేసే మనుషులే. వాళ్ల చేతుల్లో నైపుణ్యం ఆ కొద్ది వారాల్లో రవ్వంత కూడా పెరగలేదు.